డెబ్బై రెండింటికి ఒకటి

రాయపేట మాల్ రెండో అంతస్తులో
అమ్మని అమ్ముతున్నారు.
ఎనిమిది సెంటీమీటర్లు, వినైల్.
ఒంటికి మించిన గుమ్మడికాయ తల,
ఇప్పటివాళ్ళకి అలాగే ఇష్టమట.
అట్ట మీద ‘కూర్చున్న స్త్రీ, సిరీస్ టూ’ అనుంది.
అంకమ్మ అని లేదు.

మొహం ఆకుపచ్చ. అది మటుకు మార్చలేదు.
ఆ పటం మొదటిసారి చూసొచ్చిన రోజు
"నాకేమన్నా కామెర్లా, ఇంత పచ్చగా వేశాడు" అని
కిక్కిరిసిన బస్సులో కమ్మీ పట్టుకుని
దారంతా నవ్వింది అమ్మ.

ఆర్టు కాలేజీలో ఊడ్చే పని ఆమెది.
ఒకరోజు ఆయన చీపురు పక్కన పెట్టించి
స్టూలు మీద కూచోమన్నాడు.
పూటకి నలభై రూపాయలు.
"కదలకుండా ఉండటానికి కూడా డబ్బులిస్తారే!"
చాకలిపేట సందు సందంతా చెప్పుకుంది.
ఎడమకాలు మొద్దుబారిపోయి
రాత్రిళ్ళు నాచేత ఆముదం రాయించుకునేది,
అది చెప్పుకోలేదు.
ఆ కాలు పటంలోనూ లేదు.
మోకాలి దగ్గర రంగు ఆగిపోయింది.
బొమ్మకి మాత్రం రెండు కాళ్ళూ పెట్టారు,
నిలబడాలి కదా.

తర్వాత ఆ పటం ఏలంలో ఎటో పోయింది.
పదికోట్లని పేపర్లో వేస్తే
అమ్మ సున్నాలు వేళ్ళ మీద లెక్కపెట్టింది.
"ఇంకా రెండు వేళ్ళు మిగిలాయే" అంది.

డబ్బాలన్నీ ఒకేలా ఉన్నాయి.
స్టూలు, చీపురు, తెల్లపిల్లి, నీలం తలుపు, కాకి,
ఎందులో ఏముందో పైన రాయరు.
పచ్చావిడ రహస్యం.
"డెబ్బై రెండింటికి ఒకటే వస్తుందక్కా," షాపు కుర్రాడు.
మాకూ ఒకతేరా అనబోయి
బిల్లెంత అన్నాను.

లిఖిత ఒక్కో డబ్బా చెవి దగ్గర పెట్టి ఊపింది,
కొత్తవాల్ చావిడిలో మా అమ్మ కొబ్బరికాయ ఊపినట్టు,
అదే మెడ వంపు.
పన్నెండు వందల తొంభై.
ఎస్కలేటర్ మీదే చింపేసింది.
కాకి.

పదోరోజు మాకు కాకి రాలేదు.
ఓట్టేరిలో ఎండ నెత్తికెక్కేదాకా
విస్తరికి దూరంగా నిలబడి ఒక్కొక్కళ్ళం మొక్కుకున్నాం.
తమ్ముడు ఇంక తాగనన్నాడు.
మరదలు గాజులు తిరిగిచ్చేస్తానంది, ఏ గాజులో మాకు తెలీదు.
రాలేదు.
నాకేం తోచక
"నీ పటం ఎక్కడుందో కనుక్కుని చూసొస్తానమ్మా" అన్నాను.
ఎక్కణ్ణించి వాలిందో,
వడ ఎత్తుకుపోయింది. అన్నం ముట్టలేదు.
అయ్యవారు అది చాలన్నారు.

చూసి రాలేదు నేను.
ఏ ఊళ్ళో, ఎవరి హాల్లో ఉందో,
కనుక్కోవాలంటే ఎవర్ని అడగాలో.

వేళచ్చేరిలో ఎవరికో పచ్చావిడ వచ్చిందట.
కాకినిచ్చి, పైన మూడువేలిస్తే మార్చుకుంటారట.
లిఖిత ఫోను నా మొహం మీద పెట్టి
"ఏమనను?" అంటోంది.
ఫొటోలో అమ్మ
ఎవరి టీవీ పక్కనో, అద్దాల అరలో,
కింద దుమ్ము కణం లేదు.
ఊడ్చిన మనిషి, ఆ శుభ్రం ఆమెకి నచ్చేదే.
రేపు చెప్తామను అన్నాను.
నిన్నా అదే అన్నాను.

కాకి వంటింటి కిటికీలో ఉంది.
ముక్కు దగ్గర రంగు కొంచెం పక్కకి జారింది, ఫ్యాక్టరీ తప్పు.
పొద్దున్న దాని పక్కన నాలుగు మెతుకులు పెట్టాను,
నిజం కాకికి.
వచ్చింది. దీన్ని చూసింది.
మెడ వంచి మళ్ళీ చూసింది.
తినలేదు, పోనూ పోలేదు.
కుక్కరు మూడో కూత వేసింది.